జాజ్ బేస్ తరహా గిటార్: హమ్, జిర్రుమనే ఇ-స్ట్రింగ్, కరకరలాడే వాల్యూమ్. పికప్‌లు మార్చాల్సిందేనా?

ఉప్పుగాలి | కాకినాడ | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా చర్చిలో తొమ్మిదేళ్లుగా బేస్ వాయిస్తున్నాను. గిటార్ జాజ్ బేస్ తరహాది: నాలుగు తీగలు, తీగల కదలికను పట్టే సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట) పికప్‌లు రెండు, బ్యాటరీ లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. వానలు మొదలైనప్పటి నుంచి మూడు ఇబ్బందులు ఒకేసారి వచ్చిపడ్డాయి.

మొదటిది హమ్. ఆంప్ (యాంప్లిఫయర్) ఆన్ చేయగానే గుయ్‌మంటుంది. తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతుంది, తీస్తే మళ్లీ మొదలు. రెండోది, లావుగా ఉండే ఇ-స్ట్రింగ్, ఎ-స్ట్రింగ్‌ల మీద ఒకటి నుంచి అయిదో ఫ్రెట్ (తీగల కింది అడ్డకమ్మీ) వరకు ఎక్కడ నొక్కినా జిర్రుమంటోంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర మాత్రం శుభ్రంగా పలుకుతుంది. మూడోది, వాల్యూమ్ తిప్పితే కరకర. ఒక్కోసారి నేను కాస్త పక్కకు తిరిగితే చాలు, శబ్దం పూర్తిగా ఆగిపోతుంది. ఈ రోజు ఆరాధనలో రెండో పాట మధ్యలో అలాగే ఆగింది. కీబోర్డు వాయించే తమ్ముడు ఎడమచేత్తో బేస్ అందుకున్నాడు కాబట్టి పాట నిలబడింది.

ఊళ్లో ఒక దుకాణంలో చూపిస్తే, పికప్‌లు రెండూ పోయాయి, నెక్ కూడా వంగింది అని అంచనా రాసి ఇచ్చారు. ఆ మొత్తానికి కాస్త కలిపితే ఇంకో గిటారే వస్తుంది. డబ్బు సంఘానిది. అనవసరంగా ఖర్చు పెట్టించకూడదని నా బాధ.

మరొకటి కూడా చెప్పాలి. కోరస్ పాడుతుంటే మైకుకు పెదవి తగిలి జివ్వుమంది. అది గిటార్ వల్లనో, మైకు వల్లనో తెలియదు.

తాళం_తప్పని | గుంటూరు | ఆదివారం, రాత్రి 10:05

ట్రస్ రాడ్ (నెక్ లోపలి ఇనుప కడ్డీ) అరచుట్టు బిగించండి. నాది అలాగే జిర్రుమంటే బిగించాక పోయింది. హమ్‌కు లోపల రాగి రేకు అంటించాలి.

విద్యుత్_మిత్ర | రాజమహేంద్రవరం | ఆదివారం, రాత్రి 10:31

తమ్ముడూ, ట్రస్ రాడ్, రాగి రేకు అన్నీ తర్వాత. మీరు చివర్లో రాసిన మాట మొదట రాయాల్సింది. పెదవికి జివ్వుమన్న వేదిక మీద, ఆ కారణం తేలేవరకు ఆ ఆంప్‌కు గిటార్ తగిలించకండి.

మీ గిటార్ తీగలు కింది కొసన బ్రిడ్జ్ అనే లోహపు పలకకు ఆని ఉంటాయి. బ్రిడ్జ్ కింద నుంచి ఒక సన్నని వైరు లోపలి గ్రౌండ్‌కు పోతుంది, అక్కడి నుంచి కేబుల్ పైపొర గుండా ఆంప్ ఇనుప చట్రానికి. అంటే కరెంటు లెక్కలో మీ వేళ్ల కింద ఉన్న తీగలు, ఆంప్ చట్రం ఒకటే. ఆంప్‌కు ఎర్త్ అందకపోతే ఆ చట్రానికి ఆసరా ఉండదు. ఆంప్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల గుండా దాని మీదకు వోల్టేజీ వచ్చి చేరుతుంది. మీటరు పెడితే 230లో సగం దాకా చూపించడం నేను చాలాసార్లు చూశాను. అప్పుడు పారే కరెంటు స్వల్పం కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. కానీ ఆంప్ లోపల ఇన్సులేషన్ ఎప్పుడైనా చెడితే అదే దారిలో పూర్తి 230 వోల్టులూ వస్తాయి. మైకు సరైన ఎర్త్ ఉన్న మిక్సర్‌కు తగిలించి ఉంటుంది. తీగల మీద మీ చెయ్యి, మైకు మీద మీ పెదవి. మధ్యలో ఉన్నది మీ గుండె.

1972 మేలో బ్రిటన్‌లోని స్వాన్సీలో, స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వీ ఎర్త్ సరిగా లేని మైకును ముట్టుకుని వేదిక మీదే ప్రాణం విడిచారు. ఆయన వయసు 27.

రేపు వైర్‌మన్‌ను పిలిపించి, వేదిక మీద ఉన్న ప్రతి సాకెట్లో మూడు కొలతలు తీయించండి. ఫేజ్‌కు న్యూట్రల్‌కు మధ్య 230 దరిదాపుల్లో ఉండాలి. ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. రెండో కొలత పొంతన లేకుండా వచ్చిందంటే ఆ సాకెట్లో ఎర్త్ లేనట్టే. ఆంప్ ప్లగ్ టాప్, ఎక్స్‌టెన్షన్ బోర్డు విప్పి చూడమనండి. హమ్ తగ్గుతుందని ఎవరైనా ఎర్త్ పిన్ను తీసేసి రెండు పిన్నుల అడాప్టర్ పెట్టారేమో కూడా చూడండి. పెట్టి ఉంటే తీసి పారేయండి.

చెక్కపని | హైదరాబాద్ | ఆదివారం, రాత్రి 11:12

విద్యుత్_మిత్ర గారు చెప్పినది పూర్తయ్యాకే నా మాట.

తాళం_తప్పని గారూ, మీ గిటార్‌కు బిగింపు పనిచేసి ఉండవచ్చు, ఇక్కడ అది తిరగబడుతుంది. ట్రస్ రాడ్ బిగిస్తే నెక్ నిటారవుతుంది. ఇంకా బిగిస్తే వెనక్కి విరుచుకుంటుంది. మొదటి అయిదు ఫ్రెట్ల దగ్గర జిర్రుమంటూ పైన శుభ్రంగా ఉందంటే, నెక్ ఇప్పటికే మరీ నిటారుగా అయినా ఉంది, వెనక్కి అయినా వాలింది. దానికి వదులు చేయాలి, బిగించకూడదు. తీగ మధ్యలో ఊగడానికి నెక్‌లో కొంచెం ముందుకు వంపు ఉండాలి. ఆ కొంచెం ఎంత అన్నదే అసలు విషయం. కళ్లతో చూసి చెప్పేది కాదు, కొలవాలి.

కొలవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. బైకు స్పేర్ పార్టుల దుకాణంలో ఫీలర్ గేజ్ దొరుకుతుంది, మెకానిక్కులు వాల్వ్ క్లియరెన్స్ చూసుకునేది. గిటార్‌ను వాయించే భంగిమలోనే పట్టుకోండి, బల్ల మీద వెల్లకిలా పెడితే నెక్ బరువు కొలతను మార్చేస్తుంది. శ్రుతి పూర్తిగా చేసి, ఇ-స్ట్రింగ్‌ను మొదటి ఫ్రెట్ దగ్గర కాపోతో (తీగల్ని నొక్కిపట్టే క్లిప్పుతో) బిగించి, నెక్ బాడీలో కలిసే చోటి ఫ్రెట్ దగ్గర వేలితో నొక్కండి. ఇప్పుడు ఆ తీగే మీ స్కేలు. ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఎంత సందు ఉందో గేజ్ రేకులు జొనిపి చూడండి. 0.25 నుంచి 0.35 మిల్లీమీటర్ల మధ్య ఉంటే బాగు. ఆ అంకె ఇక్కడ రాశాకే రాడ్ తిప్పే కీ చేతిలోకి తీసుకోండి.

ఇంకో ప్రశ్న. ఈ మధ్య తీగలు మార్చారా? ఏ గేజ్ (మందం) వేశారు?

నేర్చుకుంటున్నా | వరంగల్ | సోమవారం, ఉదయం 7:20

వానాకాలంలో నెక్ ఎటు వంగుతుంది అన్నా? ముందుకా, వెనక్కా?

చెక్కపని | హైదరాబాద్ | సోమవారం, ఉదయం 8:02

అన్ని గిటార్లకూ ఒకే జవాబు లేదు. నెక్ చెక్క ఒకటి, పైన ఫింగర్‌బోర్డు చెక్క ఇంకొకటి. రెండూ తేమను ఒకేలా పీల్చవు. ఏది ఎక్కువ ఉబ్బితే వంపు దాని బట్టి ఉంటుంది. నా దగ్గరకు ఒకే నెలలో ఒకే మోడల్‌వి రెండు వచ్చాయి, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు. అందుకే కొలత అంటాను.

ఉప్పుగాలి | కాకినాడ | మంగళవారం, రాత్రి 8:50

విద్యుత్_మిత్ర అన్నా, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

వైర్‌మన్ సాయంత్రం వచ్చారు. గోడ సాకెట్లో మూడు కొలతలూ బాగున్నాయి. నా ఆంప్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఫేజ్-ఎర్త్ కొలత కుదురుగా నిలవలేదు. బోర్డు ప్లగ్ టాప్ విప్పారు. ఆకుపచ్చ వైరు పిన్ను దగ్గర తెగి పక్కకు మడిచి ఉంది, కొసన రాగి నల్లబడిపోయింది. ఎప్పటి నుంచి అలా ఉందో ఎవరికీ తెలియదు. ఆ బోర్డు మీదే కీబోర్డు కూడా ఉంది, దాన్ని వాయించేది పదహారేళ్ల పిల్లవాడు. ఆ వైరు చూసినప్పటి నుంచి నాకు మనసు కుదుట పడలేదు.

ప్లగ్ టాప్ మార్చి ఎర్త్ కలిపాక మైకు జివ్వుమనడం లేదు. హమ్ సగానికి పైగా తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు.

చెక్కపని గారూ, ఫీలర్ గేజ్ కొన్నాను. మీరు చెప్పినట్టే పెట్టి చూస్తే 0.05 రేకు కూడా దూరలేదు. తీగ ఫ్రెట్ల మీద పరుచుకుని ఉంది. తీగలు జూన్‌లో మార్చాను. అంతకు ముందు 45-105 (అంగుళంలో వెయ్యో వంతుల్లో), ఇప్పుడు వేళ్లకు తేలికగా ఉంటుందని సన్నని 40-95.

చెక్కపని | హైదరాబాద్ | మంగళవారం, రాత్రి 9:35

అదీ సంగతి. సన్నని తీగలు అదే శ్రుతిలో నెక్‌ను తక్కువ బలంతో లాగుతాయి. పాత తీగల లాగుడికి సరిపడా బిగించిన రాడ్ మాత్రం మారలేదు. తీగలు ముందుకు లాగడం తగ్గింది, రాడ్ వెనక్కి గుంజడం అంతే ఉంది. నెక్ వెనక్కి వచ్చింది. మీ నెక్ చెడలేదు.

ఇప్పుడు వదులు చేయండి. సాధారణ రాడ్ అయితే ఎడమవైపు తిప్పితే వదులవుతుంది. పావుచుట్టు కన్నా ఎక్కువ వద్దు. అలెన్ కీ రంధ్రంలో అడుగంటా దిగాలి, అటూ ఇటూ ఆడకూడదు. కొన్నింటికి 4 మిల్లీమీటర్లది, కొన్నింటికి 5, కొన్ని అమెరికా గిటార్లకు అంగుళాల కొలతది. దగ్గరగా ఉంది కదా అని సరిపోని కీతో తిప్పితే ఆరు మూలలూ అరిగి గుండ్రమవుతాయి. అలా అయిన నెక్‌లు నా దగ్గరకు నెలకు ఒకటైనా వస్తుంది. అది బాగుచేయడం నాకు కష్టం, యజమానికి ఖర్చు. తిప్పాక మళ్లీ శ్రుతి చేసి, రాత్రంతా వదిలేసి, ఉదయం కొలవండి. చెక్క తన స్థానంలోకి రావడానికి సమయం తీసుకుంటుంది.

వంపు కుదిరాకే తీగల ఎత్తు చూడండి. స్టీల్ స్కేలుతో పదిహేడో ఫ్రెట్ మీద ఇ-స్ట్రింగ్ అడుగు దాకా 2.4, జి-స్ట్రింగ్‌కు 2 మిల్లీమీటర్లు మొదలుపెట్టడానికి మంచి కొలతలు. ఆ తర్వాత చివరిగా ఇంటొనేషన్. పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్, అక్కడే నొక్కిన స్వరం, రెండూ ట్యూనర్‌లో ఒకటిగా ఉండాలి. నొక్కినది ఎక్కువ శ్రుతిలో ఉంటే శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) వెనక్కి, తక్కువగా ఉంటే ముందుకు. ఈ వరస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాలి.

తాళం_తప్పని | గుంటూరు | మంగళవారం, రాత్రి 9:48

నా సలహా తప్పుదారి పట్టించేది. క్షమించండి ఉప్పుగాలి గారూ. నేను అప్పట్లో లావు తీగలు వేశాను, అందుకే బిగింపు పనిచేసింది. ఇప్పుడు అర్థమైంది.

మంద్రస్థాయి | విశాఖపట్నం | మంగళవారం, రాత్రి 10:20

పికప్‌ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇరవై అయిదేళ్లుగా సముద్రం పక్కన బేస్ వాయిస్తున్నాను, పికప్ నిజంగా చనిపోవడం నేను చూసింది చాలా తక్కువ. చచ్చేవి జాక్ (కేబుల్ దూర్చే రంధ్రం), కేబుల్, పాట్ (వాల్యూమ్ తిప్పే భాగం).

గిటార్ విప్పకుండానే పరీక్షించవచ్చు. కేబుల్‌ను గిటార్‌కు తగిలించి, రెండో కొసను ఆంప్‌కు పెట్టకుండా చేతిలో ఉంచుకోండి. మల్టీమీటర్‌ను 20 కిలో ఓముల మీద పెట్టి, ప్లగ్ మొనకు ఒక ప్రోబ్, వెనుక గొట్టానికి ఒకటి. టోన్ పూర్తిగా తెరవండి. ముందు పికప్ వాల్యూమ్ పూర్తిగా తెరిచి, వెనకది సున్నా చేయండి. ఈ తరహా పికప్‌కు 7, 8 కిలో ఓముల దరిదాపుల్లో రావాలి. తర్వాత అటుది ఇటు. రెండూ తెరిస్తే దాదాపు సగం రావాలి, ఎందుకంటే రెండూ సమాంతరంగా (ప్యారలల్‌గా) కలుస్తాయి. వైండింగ్ తెగిన పికప్ అయితే ఆ 20 కిలో స్థాయిలో మీటరు అంకెనే చూపించదు.

కొలుస్తూ ఉండగానే జాక్ దగ్గర కేబుల్‌ను మెల్లగా కదిపి చూడండి. అంకె ఎగిరితే మీ మూడో ఇబ్బంది దొరికినట్టే. వేరే కేబుల్‌తో కూడా ఒకసారి చూడండి, తప్పు కేబుల్‌లోనే ఉండవచ్చు.

మంచుదేశం | ఎడ్మంటన్, కెనడా | బుధవారం, ఉదయం 6:15

చదువుతుంటే నా సమస్య కూడా అడగాలనిపించింది. నాది అయిదు తీగల యాక్టివ్ బేస్. రెండు వారాలకే 9 వోల్టుల బ్యాటరీ అయిపోతోంది, శబ్దం బొంగురుపోయి పగులుతుంది. ఇక్కడ చలికాలం పొడికి ఫ్రెట్ల అంచులు కూడా బయటకు పొడుచుకొచ్చి అరచెయ్యి గీసుకుంటోంది.

మంద్రస్థాయి | విశాఖపట్నం | బుధవారం, ఉదయం 9:30

వాయించడం అయ్యాక కేబుల్ గిటార్‌కే ఉంచేస్తున్నారా? యాక్టివ్ బేస్‌లో జాక్ స్టీరియోది. బ్యాటరీ నెగటివ్ కొస దాని మధ్య కాంటాక్టుకు కలిపి ఉంటుంది. కేబుల్ దూర్చగానే మోనో ప్లగ్ ఆ కాంటాక్టును గ్రౌండ్‌కు కలిపి బ్యాటరీని ఆన్ చేస్తుంది. ప్లగ్ లోపల ఉన్నంతసేపూ రాత్రీ పగలూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. కేబుల్ తీసినా బ్యాటరీ దిగిపోతుంటే ఆ కాంటాక్టు వంగి గ్రౌండ్‌కు ఆనుకుని ఉందేమో చూడండి.

చెక్కపని | హైదరాబాద్ | బుధవారం, ఉదయం 10:10

ఫ్రెట్లు పెరగలేదు, చెక్క ఎండి కుంచించుకుపోయింది. ముందు గదిలో తేమ పెంచండి, కేస్‌లో హ్యూమిడిఫైయర్ పెట్టి కొన్ని వారాలు ఆగండి. అప్పటికీ గీసుకుంటేనే ఆకురాయి పట్టాలి. తొందరపడి ఇప్పుడే రాస్తే, చెక్క మళ్లీ ఉబ్బినప్పుడు ఫ్రెట్ పొట్టిదైపోయి అంచు మీద తీగ జారుతుంది. ఇక్కడ మే నెలలో నాకు ఇవే కేసులు.

మంచుదేశం | ఎడ్మంటన్, కెనడా | బుధవారం, ఉదయం 11:02

కేబుల్ ఎప్పుడూ తీయను. స్టాండు మీద అలాగే ఉంటుంది. ఇవాళ్టి నుంచి తీస్తాను.

ఉప్పుగాలి | కాకినాడ | గురువారం, రాత్రి 10:40

కొలతలు: ముందు పికప్ 7.2, వెనుకది 7.4, రెండూ కలిపి 3.6. పికప్‌లు రెండూ బతికే ఉన్నాయి!

జాక్ దగ్గర కేబుల్ కదిపితే అంకె మాయమై మళ్లీ వస్తోంది. ధైర్యం చేసి కంట్రోల్ ప్లేట్ మూడు స్క్రూలు విప్పాను. జాక్ నట్ వదులై, కేబుల్ పెట్టి తీసిన ప్రతిసారీ జాక్ మొత్తం తిరుగుతూ వచ్చినట్టుంది. లోపల రెండు వైర్లూ తాడులా పురి తిరిగి ఉన్నాయి. గ్రౌండ్ వైరులో పోగులన్నీ తెగి ఒకే ఒక్క పోగు టంకం ముద్దకు వేలాడుతోంది. ఆ ముద్ద మీద పచ్చటి చిలుము. ఊపిరి బిగపట్టి చూశాను. ఆ ఒక్క వెంట్రుక మీద ఇన్ని ఆదివారాలు నడిచాయి.

సోల్డరింగ్ ఐరన్ తెచ్చాను, 25 వాట్లది. ఇంతకు ముందు ఎప్పుడూ పట్టుకోలేదు. ఎలా మొదలుపెట్టాలి?

విద్యుత్_మిత్ర | రాజమహేంద్రవరం | శుక్రవారం, ఉదయం 6:50

జాక్ పనికి 25 వాట్లు చాలు. పాట్ వీపు మీద టంకం పెట్టాల్సి వస్తే మాత్రం చాలదు, ఆ రేకు వేడి లాగేస్తుంది, 40 నుంచి 60 వాట్లది కావాలి.

పాత వైరు కొసను చిలుము ఉన్నంత మేర కత్తిరించి, అర సెంటీమీటరు తొక్క తీయండి. లోపల రాగి ఎర్రగా మెరవాలి. నల్లగా ఉంటే ఇంకాస్త వెనక్కి కత్తిరించండి, నల్ల రాగికి టంకం పట్టదు. పోగుల్ని పురిపెట్టి, ముందు వైరుకు ఒంటరిగా టంకం పూయండి. జాక్ చెవిని సన్నని గరుకు కాగితంతో రుద్ది దానికీ పూయండి. తర్వాత రెంటినీ ఆనించి ఐరన్ కొస పెట్టండి. టంకం ఐరన్‌కు కాదు, వేడెక్కిన చెవికి అందించండి. అది నీళ్లలా పాకుతుంది. ఐరన్ తీశాక నాలుగైదు సెకన్లు వైరు కదలకూడదు. చల్లారాక నున్నగా, అంచులు పల్చగా పాకి ఉంటే బాగు. గోళీలా ఉబ్బి, మసకగా ఉంటే పట్టనట్టు, మళ్లీ వేడి చేయండి. రోజిన్ ఉన్న టంకమే వాడండి, పైపులకు వాడే ఆమ్లపు పేస్ట్ దగ్గరకు రానివ్వకండి, అది వైరును తినేస్తుంది.

మొన భాగం వైరు, గ్రౌండ్ వైరు తారుమారు కాకుండా విప్పే ముందే ఫోనులో ఫోటో తీసుకోండి. జాక్ నట్ కింద పళ్ల వాషర్ వేసి బిగించండి, ఇక తిరగదు.

మంద్రస్థాయి | విశాఖపట్నం | శుక్రవారం, ఉదయం 8:15

ప్లేట్ ఎలాగూ తెరిచారు కాబట్టి వాల్యూమ్ కరకర కూడా ఇప్పుడే చూసుకోండి. పాట్ చెవుల దగ్గర ఉన్న సందులోంచి కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చుక్కంత కొట్టి, ఈ కొస నుంచి ఆ కొసకు ముప్పైసార్లు తిప్పండి. ఇంట్లో తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే వద్దు. ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుని ఆర్నెల్లలో మళ్లీ కరకర. క్లీనర్‌కు కూడా లొంగకపోతే 250 కిలో ఓముల పాట్ కొత్తది వేయవచ్చు, పెద్ద ఖరీదు కాదు.

మిగిలిన హమ్ గురించి. రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరిచి వినండి. ఈ తరహా గిటార్లలో సాధారణంగా రెండు పికప్‌ల చుట్టలు, అయస్కాంతాలు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి, అందువల్ల రెండూ సమానంగా తెరిస్తే హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఒకటి కాస్త తగ్గించినా మళ్లీ వినపడుతుంది. అది జబ్బు కాదు, సింగిల్ కాయిల్ స్వభావం. వాయించేచోట నిలబడి మెల్లగా చుట్టూ తిరగండి. ఒక దిక్కులో హమ్ పెరిగి, ఒక దిక్కులో తగ్గుతుంది. పెరిగిన దిక్కున ఫ్యాన్ రెగ్యులేటరో, పాత ట్యూబ్‌లైటు చోకో ఉంటుంది. రాగి రేకు అంటించాలనుకుంటే తర్వాత నిదానంగా అంటించండి. రేకు ముక్కలన్నీ ఒకదానికొకటి, గ్రౌండ్‌కు కలవాలి. జాక్ మొన కాంటాక్టు మాత్రం రేకును తాకకూడదు, తాకితే శబ్దమే రాదు.

నేర్చుకుంటున్నా | వరంగల్ | శుక్రవారం, మధ్యాహ్నం 1:30

పాత తీగల్ని నీళ్లలో మరిగిస్తే కొత్తవాటిలా పలుకుతాయంటారు. నిజమేనా?

మంద్రస్థాయి | విశాఖపట్నం | శుక్రవారం, మధ్యాహ్నం 2:05

కొన్ని రోజులు పలుకుతాయి. చుట్టల మధ్య చేరిన జిడ్డు, చర్మపు మురికి వదులుతుంది కాబట్టి. డబ్బు లేని రోజుల్లో నేనూ చేశాను. కానీ మా ఊళ్లో చుట్ట లోపలి తడి పూర్తిగా ఆరకముందే తుప్పు మొదలవుతుంది, ట్యూనింగ్ మేకు దగ్గర విప్పి చుట్టిన చోట తీగ విరుగుతుంది. అంతకన్నా వాయించిన ప్రతిసారీ పొడి నూలు బట్టతో తీగల పైనా కిందా తుడవడం మేలు. కింద కూడా తుడవాలి, చాలామంది అది మరిచిపోతారు. కేస్‌లో సిలికా జెల్ పొట్లాలు రెండు వేయండి. శాడిల్ స్క్రూలు పట్టేసి ఉంటే కుట్టుమిషన్ నూనె సూదిమొనతో ఒక్క చుక్క పెట్టి రాత్రంతా వదలండి. బలవంతం చేస్తే స్క్రూ తల అరుగుతుంది.

ఉప్పుగాలి | కాకినాడ | ఆదివారం, మధ్యాహ్నం 2:20

ఇప్పుడే చర్చి నుంచి వచ్చాను. అన్నం కూడా తినకుండా రాస్తున్నాను.

రాడ్ పావుచుట్టు వదులు చేస్తే మర్నాటికి 0.15 వచ్చింది. ఇంకో పావుచుట్టు కన్నా తక్కువ తిప్పాను. నిన్న ఉదయం 0.30. ఇ-స్ట్రింగ్ ఎత్తు 2.5 దగ్గర ఆపాను, 2.4కి దించితే నేను గట్టిగా మీటినప్పుడు తగులుతోంది. జాక్ రెండోసారికి కుదిరింది, మొదటిసారి టంకం గోళీలా వచ్చింది. వాల్యూమ్ ఇప్పుడు చప్పుడు లేకుండా తిరుగుతోంది. రెండు పికప్‌లూ తెరిస్తే హమ్ లేదనే చెప్పాలి.

ఎ-స్ట్రింగ్ మూడో ఫ్రెట్ మీద మాత్రం ఇంకా చిన్న జిర్రు మిగిలింది. అక్కడొక్కచోటే.

చెక్కపని | హైదరాబాద్ | ఆదివారం, మధ్యాహ్నం 3:00

ఒక్కచోటే అంటే నాలుగో ఫ్రెట్ లేచి ఉంటుంది. పాత ఏటీఎం కార్డు పొడవాటి అంచును మూడు, నాలుగు, అయిదు ఫ్రెట్ల మీద నిలబెట్టండి, ఎ-స్ట్రింగ్ దారిలో. తూగుటుయ్యాలలా ఊగితే నాలుగోదే ఎత్తు. వేలిగోటితో ఫ్రెట్ అంచును నొక్కి చూడండి, దిగి మళ్లీ లేస్తే అది గాడిలోంచి వదులైంది. దాన్ని కింద కూర్చోబెట్టాలి, ఆకురాయితో అరగదీయకూడదు.

ఉప్పుగాలి | కాకినాడ | ఆదివారం, సాయంత్రం 5:45

ఊగింది. గోటితో నొక్కితే లావు తీగల వైపు అంచు సన్నగా దిగుతోంది. దీనికి సుత్తి పట్టే ధైర్యం నాకు లేదు. వచ్చే నెల హైదరాబాద్ వస్తున్నాను, మీ దగ్గరకే తెస్తాను.

పాస్టర్ గారికి ఆ అంచనా కాగితం, తెగిన ప్లగ్ టాప్ రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. పికప్‌లకని పక్కన పెట్టిన డబ్బుతో వేదికకు మూడు కొత్త బోర్డులు, 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంచే స్విచ్) ఒకటి పెట్టిస్తామన్నారు. బుధవారం పని.

విద్యుత్_మిత్ర | రాజమహేంద్రవరం | ఆదివారం, సాయంత్రం 6:10

ఆర్‌సీసీబీ మీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కాలి, వెంటనే కరెంటు తెగాలి. ఎర్త్ గుంత ఎక్కడుందో కూడా ఆ రోజే అడిగి తెలుసుకోండి, ఎండాకాలంలో దానికి నీళ్లు పోయించాలి. కీబోర్డు తమ్ముడికి కూడా ఆ బటన్ చూపించండి.